హెయిర్ కట్‌కు వెళ్లే ముందు జుట్టును ఎట్లా సిద్ధం చేసుకోవాలి: వారం ముందు నుంచి కుర్చీ దిగే దాకా

నాలుగేళ్ల కింద మా చెల్లె పెళ్లికి వారం ముందు హన్మకొండలో ఒక పార్లర్‌కు వెళ్లాను. పొద్దుగాల అమ్మ నెత్తికి దండిగా కొబ్బరినూనె పెట్టి, బిగించి జడ వేసింది, అట్లనే వెళ్లి కూర్చున్నాను. పార్లర్ ఆమె జడ విప్పి, నీళ్లు చల్లి, పైనుంచి కిందికి గట్టిగా దువ్వింది. నూనెకు, తడికి కలిపి నా జుట్టు నున్నగా, తిన్నగా వీపు సగం దాకా వేలాడింది. "బెత్తెడు తీస్తే నీట్‌గా వస్తది అక్కా" అంది, సరే అన్నాను. ఇంటికొచ్చి రెండో రోజు తలకు పోసుకుని ఆరబెట్టుకున్నాక చూస్తే అలలు అలలుగా పైకి లేచిపోయి, భుజాలు దాటి కొంచెం కిందికి మాత్రమే ఉంది, పైగా కుడివైపు ఎడమవైపు కన్నా పొట్టి. పెళ్లిరోజు పూలజడ నిలబడడానికి సవరం కట్టాల్సి వచ్చింది. ఎంత ఏడ్చానో.

ఆమెకు చేతకాక కాదు. నా జుట్టు రోజూ ఎట్లా ఉంటుందో ఆమెకు నేను చూపించలేదు. కత్తెర పట్టుకున్న మనిషికి తెలిసేది ఆ పది నిమిషాల్లో మన తలమీద కనిపించేదే కదా. అందుకే ఇదంతా రాస్తున్నాను. సిద్ధం కావడమంటే జుట్టును అందంగా ముస్తాబు చేసుకుని వెళ్లడం కాదు, మన జుట్టు మామూలు రోజు ఎట్లా ఉంటుందో అట్లనే ఆ కుర్చీ దాకా తీసుకెళ్లడం.

ఏ రోజు వెళ్లాలో ముందే చూసుకోండి

మనవైపు చాలా కటింగ్ షాపులకు మంగళవారం సెలవు. మంగళ, శుక్రవారాలు, అమావాస్య రోజు జుట్టు తీయించుకోవద్దనే పట్టింపు చాలా ఇళ్లల్లో ఉంది, దాంతో జనమంతా ఆదివారం పొద్దున మీద పడతారు. ఆ రద్దీలో మీతో కూర్చుని మాట్లాడే తీరిక ఎవరికీ ఉండదు. వీలైతే బుధవారమో గురువారమో, మధ్యాహ్నం భోజనాల తర్వాత వెళ్లండి. సద్దుల బతుకమ్మకు, దసరాకు ముందు రెండు మూడు రోజులైతే అసలు వద్దు, బతుకమ్మ మొదటి రోజు, ఎంగిలి పూల నాటికే పని ముగించుకోండి.

పెళ్లో ఫంక్షనో ఉంటే పది రోజుల ముందు కట్ చేయించుకోండి. జుట్టు నెలకు అటూ ఇటూగా అర అంగుళం పెరుగుతుంది కాబట్టి పది రోజుల్లో ఆకారం ఏమీ చెడదు, ఏదన్నా తేడా వస్తే సరిచేయించుకునే టైమ్ మాత్రం దొరుకుతుంది. మేడారం జాతర నుంచి వచ్చినవాళ్లకు ఒక మాట: జంపన్నవాగు స్నానం, ఆ దుమ్ము, బస్సు ప్రయాణం అయ్యాక నేరుగా షాపుకు వెళ్లకండి. రెండుసార్లు తలకు పోసుకున్నా ఇసుక కొంత మాడు దగ్గరే ఉండిపోతుంది, అది కత్తెర పదునుకూ మంచిది కాదు.

వారం ముందు: జుట్టును మీరే ఒకసారి చదవండి

దీనికి అయిదు నిమిషాలు చాలు. తలకు పోసుకుని పూర్తిగా ఆరిన రోజు అద్దం ముందు నిలబడి, చెవి పక్క నుంచి వేలు మందం పాయ ఒకటి తీసి ముందుకు వదలండి. లాగొద్దు. దాని కొస ఎక్కడికి వచ్చిందో చూడండి: గొంతు కింది ఎముక దగ్గరా, జాకెట్ అంచు దగ్గరా, మోచేతి దగ్గరా. ఇప్పుడు అదే పాయను నీళ్లతో బాగా తడిపి, దువ్వి మళ్లీ చూడండి. తిన్నటి జుట్టుకు పెద్ద తేడా కనిపించదు. అలల జుట్టుకు రెండు వేళ్లు తేడా రావచ్చు. రింగుల జుట్టుకైతే బెత్తెడు, ఇంకా ఎక్కువ కూడా వస్తుంది. తడిసిన వెంట్రుక సాగుతుంది, ఆరినప్పుడు మళ్లీ తన మెలిక తాను పట్టుకుంటుంది, అందుకే ఇట్లా అవుతుంది. ఈ తేడా ఎంతో గుర్తుపెట్టుకోండి. తడి జుట్టు మీద రెండు వేళ్లు తీసినా ఆరాక నాలుగు వేళ్లు పోయినట్టు కనిపించేది దీనివల్లే. ఆ రోజు నాకు ఈ ఒక్క సంగతి తెలిసి ఉంటే సవరం అవసరం పడేది కాదు.

తర్వాత ఎవరినైనా పిలిచి వెనక నుంచి రెండు ఫొటోలు తీయించుకోండి, ఒకటి జుట్టు వదిలేసి, ఇంకోటి మీరు రోజూ వేసుకునే జడతోనో క్లిప్పుతోనో. సుడి ఎక్కడుంది, ఒకటా రెండా, పాపిడి దగ్గర ఎక్కడ పల్చబడింది, కొసలు ఎంత మేర చిట్లాయి, అవి చూసుకోండి. జ్వరం వచ్చి తగ్గాక, కాన్పు అయ్యాక రెండు మూడు నెలలకు జుట్టు ఎక్కువగా రాలుతుంది. చాలామందికి మెల్లగా తిరిగి వస్తుంది. అట్లాంటి సమయంలో పొట్టి పొట్టి లేయర్స్ (మెట్లు మెట్లుగా వేర్వేరు పొడవుల్లో కత్తిరించడం) పెట్టించుకుంటే కింద జుట్టు ఇంకా పల్చగా కనిపిస్తుంది. రాలుతోందన్న సంగతి షాపులో దాచకండి.

మాడు కూడా చూసుకోవాలి. చుండ్రు ఉంటే కెటోకొనజోల్ ఉన్న షాంపూ వారానికి రెండుసార్లు, నురగ పట్టించి మూడు నుంచి అయిదు నిమిషాలు ఉంచి కడగాలి, వెంటనే కడిగేస్తే మందు పనిచేసే టైమే దొరకదు. పేన్లు ఉంటే, ముఖ్యంగా బడికి పోయే పిల్లలకు, కట్‌కు ముందురోజు ఒక్కసారి మందు పెట్టి ఊరుకుంటే సరిపోదు. ఈపులు పొదిగి బయటికి రావడానికి వారం నుంచి పది రోజులు పడుతుంది, అందుకే అన్ని రోజుల తర్వాత రెండోసారి పెట్టాలి, మధ్యలో పేల దువ్వెనతో దువ్వుతూ ఉండాలి. ఆ రెండో విడత అయ్యాకనే షాపుకు తీసుకెళ్లండి. అదే దువ్వెన మన తర్వాత ఇంకొకరి నెత్తిమీదికి పోతుంది కదా. గుండ్రంగా జుట్టు ఊడి పొట్టు రాలుతున్నా, పుండ్లు ఉన్నా ముందు చర్మం డాక్టర్‌కు చూపించండి, కట్ ఆగుతుంది.

కట్‌తో పాటు కలర్ కూడా వేయించుకోవాలనుకుంటే రెండు పనులు ఈ వారంలోనే. ఒకటి, వేసే కలర్ కొంచెం చెవి వెనకో మోచేతి లోపలో రాసి 48 గంటలు ఆగి చూడడం. నల్ల కలర్లలో చాలావాటికి పీపీడీ అనే రసాయనం ఉంటుంది, కొందరికి దానికి ముఖం వాచిపోయేంత అలర్జీ వస్తుంది, నిన్నటిదాకా పడింది ఈసారి పడకపోవచ్చు కూడా. రెండోది, గోరింటాకు సంగతి చెప్పడం. ఇంట్లో నూరిన ఆకుతో అంత ప్రమాదం లేదు. ప్యాకెట్ మెహందీల్లో కొన్నింటికి లోహపు లవణాలు కలిపి ఉంటాయి, వాటిమీద బ్లీచ్ పడితే జుట్టు వేడెక్కి, తునిగిపోయే ప్రమాదం ఉంది. చివరిసారి ఏం పెట్టారో, ఎన్ని నెలలైందో, వీలైతే ప్యాకెట్ ఫొటోతో సహా చెప్పండి.

ముందు రోజు: తలకు పోసుకోవడం

నూనె ఆపేయండి. ఇది చెప్తే మా అమ్మకు ఇప్పటికీ కోపమే, "నూనె లేని నెత్తి ఏం నెత్తి" అంటుంది. నూనె వద్దని కాదు, కట్ అయ్యాక ఎంతైనా పెట్టుకోవచ్చు. నూనె ఉన్న జుట్టు పాయలు పాయలుగా అతుక్కుంటుంది, ఒత్తుగా ఉందో పల్చగా ఉందో తెలియదు, బరువుకు అలలు కిందికి దిగిపోతాయి, కత్తెర మధ్య నుంచి జారుతుంది. షాపులో ఒకసారి షాంపూ పెట్టి కడుగుతారు కదా అనుకోవచ్చు, అయితే రాత్రంతా పట్టించిన కొబ్బరినూనె ఆ ఒక్క కడుగుడుకు పోదు, వెంట్రుక లోపలికి కూడా ఇంకుతుంది అది. అందుకే చివరిసారి నూనె మూడు రోజుల ముందు, మధ్యలో ఒకసారి తలస్నానం, ముందు రోజు ఇంకోసారి.

మీది త్వరగా జిడ్డు పట్టే పల్చని జుట్టయితే ముందు రోజు బదులు అదే రోజు పొద్దున పోసుకోండి. ఒత్తు జుట్టుకు, రింగుల జుట్టుకు ముందు రోజే మంచిది, అది తన ఆకారంలో స్థిరపడడానికి ఒక రాత్రి కావాలి. కలర్ వేయించుకునేవాళ్లు కూడా ముందు రోజే, మాడు మీద కొద్దిగా సహజమైన జిడ్డు ఉంటే మంట తక్కువగా ఉంటుంది.

కుంకుడుకాయ వాడేవాళ్లు మానుకోవాల్సిన పని లేదు. పది పన్నెండు కాయలు కొట్టి, గింజలు తీసి, వేడినీళ్లలో నానబెట్టి పిసికితే పులుసు దిగుతుంది. దాన్ని పల్చని బట్టలో వడకట్టండి, చేత్తో తేటగా తీసుకుంటే సరిపోదు. ఆ తొక్క ముక్కలు, పిప్పి జుట్టులో ఇరుక్కుని ఆరాక గట్టిపడతాయి, షాపులో సన్న దువ్వెన పెట్టినప్పుడు అక్కడే ఆగి చిక్కు పడుతుంది. శీకాయ పొడికైతే ఈ వడపోత ఇంకా అవసరం. షాంపూ అయితే మాడుకు మాత్రమే, కండీషనర్ కొసలకు మాత్రమే, అదీ కొంచెం.

మన ఇళ్లల్లో సగం చోట్ల బోరు నీళ్లే. సబ్బు నురగ రాకుండా తెట్టెలాగా తేలితే ఆ నీళ్లు ఉప్పుగా, గట్టిగా ఉన్నట్టు. అట్లాంటి నీళ్లతో కడిగిన జుట్టు బిరుసుగా, చీపురు పుల్లల్లాగా నిలబడుతుంది. అది మీ జుట్టు గుణమనుకుని స్మూతెనింగ్ చేయించుకొమ్మని చెప్పేవాళ్లు ఉంటారు. నల్లా వచ్చినప్పుడు ఒక బకెట్ పట్టి పెట్టుకుని, చివరి కడుగుడు ఆ నీళ్లతో కడగండి. తేడా చేతికే తెలుస్తుంది.

ఆరబెట్టడం, చిక్కు తీయడం

టర్కీ టవల్‌తో రుద్దకండి. పాత నూలు పంచె, మెత్తబడిన కాటన్ చీర ముక్క ఏదైనా తీసుకుని నీళ్లు పీల్చుకునేటట్టు ఒత్తండి. ఫ్యాన్ కింద ఆరనివ్వండి. డ్రైయర్, స్ట్రెయిటెనర్ ఆ రోజు వద్దు, అవి తెచ్చే నునుపు మీది కాదు.

తడి జుట్టును జడ వేసుకుని పడుకుంటే ఏమవుతుందో ఎండాకాలంలో తొందరకొద్దీ అల్లుకునేవాళ్లందరికీ తెలుసు, పొద్దున విప్పితే జడ మెలికలన్నీ అట్లనే ఉంటాయి. తడిసినప్పుడు వెంట్రుకలోని కొన్ని బంధాలు విడిపోయి, ఆరేటప్పుడు ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారంలోనే మళ్లీ కలుస్తాయి. షాపులో ఆమె ఆ మెలికలను మీ సొంత అలలనుకుంటుంది. అందుకే ముందు రోజు రాత్రి జుట్టు పూర్తిగా ఆరాక వదులుగా, దిండు మీద పైకి వేసుకుని పడుకోండి. మరీ పొడుగైతే మెత్తటి బ్యాండ్‌తో ఒక్క ముడి, అంతే.

చిక్కు తీయడంలో అందరం చేసే తప్పు మాడు దగ్గర మొదలుపెట్టడం. పైన దువ్వెన పెట్టి లాగితే చిన్న చిన్న చిక్కులన్నీ కిందికి దిగి ఒకే పెద్ద ముడి అవుతాయి. జుట్టును నాలుగు పాయలు చేయండి. ఒక పాయ తీసుకుని, కొస నుంచి బెత్తెడు పైన ఎడమచేత్తో గట్టిగా పట్టుకోండి, ఆ పట్టు వల్ల లాగినా మాడుకు నొప్పి తెలియదు. పెద్ద పళ్ల దువ్వెనతో ఆ చివరి బెత్తెడే దువ్వండి. దువ్వెన ఆగకుండా జారిందంటే పట్టు ఇంకో బెత్తెడు పైకి జరపండి. అట్లా మాడు దాకా. ముడి మరీ గట్టిగా ఉంటే దువ్వెన పక్కనపెట్టి వేళ్లతో, రెండు మూడు వెంట్రుకల చొప్పున విడదీయండి. దువ్వెనకు ఇంత జుట్టు వచ్చిందని టెన్షన్ పడకండి, రోజుకు 50 నుంచి 100 దాకా రాలడం మామూలే, రెండు మూడు రోజులు దువ్వకపోతే అవన్నీ ఒకేసారి వస్తాయి.

రింగుల జుట్టువాళ్లు ఈ పనంతా తలకు పోసుకునేటప్పుడు, కండీషనర్ ఉండగానే చేసుకోవాలి. ఆరాక దువ్వెన ముట్టుకోవద్దు. దువ్వితే రింగు విడిపోయి పొంగుతుంది, దాన్ని చూసి "జుట్టు చాలా ఒత్తు, పల్చన చేస్తా" అని లోపల్నుంచి తీసేస్తారు. ఫోన్ చేసినప్పుడే ఆరిన జుట్టు మీద కట్ చేస్తారా అని అడగండి, కుదరదంటే ఇంకో చోటు చూసుకోండి.

ఆ రోజు పొద్దున

జెల్, సీరమ్, స్ప్రే ఏదీ వద్దు. బిగుతు రబ్బర్ బ్యాండ్, మొసలి క్లిప్ రెండూ గాటు పడేటట్టు చేస్తాయి, వదిలేసి వెళ్లండి. కాజీపేట నుంచో హసన్‌పర్తి నుంచో బండి మీద వచ్చేవాళ్లు హెల్మెట్ మాత్రం మానొద్దు, లోపల పల్చని కాటన్ స్కార్ఫ్ కట్టుకోండి, పావుగంట ముందే చేరుకుని, స్కార్ఫ్ విప్పి వేళ్లతో మాడును కదిలించి జుట్టు లేవనివ్వండి. హెల్మెట్ అణిచిన నెత్తి మీద సుడి కనిపించదు.

గల్లా ఎత్తుగా ఉన్న కుర్తా, హుడీ వేసుకుంటే మెడ దగ్గర కొలత తప్పుతుంది. మెడ తెరిచి ఉండే బట్టలు, చెవులకు చిన్న పోగులు చాలు. కళ్లద్దాలున్నవాళ్లు అవి తీయకముందే మాట్లాడడం పూర్తి చేయండి, తీశాక అద్దంలో ఏం చూపించినా కనిపించదు.

మగవాళ్లకు ఇంత తతంగం లేదు. ముందురోజు జెల్ కడిగేయండి, చెమట నెత్తితో జిమ్ నుంచి నేరుగా పోకండి, ట్రిమ్మర్ నంబర్లు తెలుసుకోండి: మామూలుగా 1 అంటే 3 మిల్లీమీటర్లు, 2 అంటే 6, 3 అంటే సుమారు 10, 4 అంటే 13. "పక్కలకు 2, పైన కత్తెరతో" అంటే ఎవరికైనా అర్థమవుతుంది, "మీడియం" అంటే ఒక్కొక్కరికి ఒక్కో అర్థం. రేజర్ పెట్టేముందు బ్లేడు కొత్తది వేయమని అడగండి, అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

పిల్లల్ని తినిపించి, నిద్ర తీరాక తీసుకెళ్లండి. పుట్టు వెంట్రుకలు వేములవాడకో కొమురవెల్లికో మొక్కి ఉంటే అది అయ్యేదాకా కత్తెర సంగతే లేదు, కళ్లల్లో పడకుండా మెత్తటి బ్యాండ్ పెట్టండి.

కుర్చీలో: కొలత చెప్పడం

"కొంచెం తీయండి" అనే మాట మర్చిపోండి. ఇంచు అన్నా కష్టమే, మన ఇంచు వేరు, వాళ్ల ఇంచు వేరు, చేతులతో చూపించే ఇంచు మూడోది. మనకు మన కొలతలే ఉన్నాయి కదా, వేలెడు, బెత్తెడు, జానెడు. మీ సొంత వేళ్లను మీ జుట్టు కొస దగ్గర అడ్డంగా పెట్టి "ఈ రెండు వేళ్లే, ఆరాక ఇంతే తగ్గాలి" అనండి. ఇంకా మంచిది, ఆరిన జుట్టు ఎక్కడ ఆగాలో ఒంటిమీద ముట్టి చూపించడం: "ఇక్కడ, ఈ ఎముక దగ్గర". ఇంటి దగ్గర చూసుకున్న తడి, పొడి తేడా ఇప్పుడు చెప్పండి: "నా జుట్టు ఆరితే మూడు వేళ్లు పైకి పోతుంది, కాబట్టి తడి మీద తక్కువ తీయండి."

ఎవరిదో హీరోయిన్ ఫొటో చూపించినా తప్పులేదు, దాంతోపాటు వారం ముందు తీయించుకున్న మీ ఫొటోలు కూడా చూపించండి. మీ రోజు ఎట్లా గడుస్తుందో రెండు మాటల్లో చెప్పండి. "పొద్దున బస్సుకు ముందు అయిదు నిమిషాలే ఉంటాయి", "డ్యూటీలో జడ వేసుకోవాల్సిందే", "వారానికి రెండుసార్లు నూనె పెడతా". రోజూ జడ వేసుకునేవాళ్లకు లేయర్స్ పెడితే అల్లిన చోటల్లా పొట్టి కొసలు ముళ్లలాగా బయటికి వస్తాయి, వాళ్లకు కొసలు వెనక U ఆకారంలో వచ్చే యూ కట్ చాలు. లేయర్స్ కావాల్సిందే అంటే అన్నిటికన్నా పొట్టి పాయ ఎక్కడిదాకా ఉంటుందో అడగండి. ఆ పాయ రబ్బర్ బ్యాండ్‌లోకి అందాలి, అంతకన్నా పైకి పోనివ్వకండి.

జానెడు కన్నా ఎక్కువ తీయించుకుని, క్యాన్సర్ పేషెంట్ల విగ్గుల కోసం ఇవ్వాలనుకుంటే తీసుకునేవాళ్లను ముందే అడగండి. 12 అంగుళాలు ఉండాలనేవాళ్లు చాలామంది. జుట్టు పూర్తిగా ఆరి ఉండాలి, రెండు మూడు చోట్ల బ్యాండ్లు వేసి పై బ్యాండ్‌కు పైన కత్తిరించాలి, తడిగా కవర్లో పెడితే బూజు పడుతుంది. ఈ పని షాపులో నీళ్లు చల్లకముందే జరగాలి, కూర్చోగానే చెప్పండి.

కట్ అయ్యాక ఆరబెట్టమని అడగండి, డబ్బులు కొంచెం ఎక్కువైనా సరే. లేచి నిలబడి, తల నిటారుగా పెట్టి, చెవుల పక్క నుంచి ఒక్కో పాయ ముందుకు తెచ్చి రెండు కొసలు కలుస్తున్నాయో లేదో చూడండి. వెనక చిన్న అద్దం పెట్టించుకోండి. తేడా ఉంటే అప్పుడే చెప్పండి, గుడ్డ విప్పకముందే. తర్వాత రెండు రోజులకు మామూలుగా తలకు పోసుకుని, మీ పద్ధతిలో ఆరబెట్టుకుని ఆ వారం ముందు పాయనే మళ్లీ లాగకుండా ముందుకు వదిలి చూడండి. ఒకవైపు వేలెడు తేడా కనిపిస్తే ఇంట్లో కత్తెర పట్టకండి, ఆ వారంలోనే మళ్లీ షాపుకు వెళ్తే చాలామంది డబ్బులు తీసుకోకుండానే సరిచేస్తారు.